పైపు రెండో కొస పట్టుకున్న పిల్లలు

కొత్తగా ఇల్లు కడుతున్న చోట పొద్దున్నే ఓసారి ఆగి చూడండి. స్థలానికి ముగ్గు పోసే రోజైతే మరీ మంచిది. తాపీ మేస్త్రీ ఒక మూలన మేకు దిగ్గొట్టి రెండు వైపులా దారం లాగుతాడు. ఒక దారం మీద మూడడుగుల దగ్గర, రెండో దారం మీద నాలుగడుగుల దగ్గర గుర్తు పెడతాడు. ఆ రెండు గుర్తుల మధ్య టేపు పెడితే సరిగ్గా ఐదడుగులు రావాలి. రాకపోతే దారాన్ని కాస్త జరిపి మళ్లీ కొలుస్తాడు. ఐదు వచ్చిందంటే మూల కుదిరినట్టే. ఆ తర్వాత సన్నటి ప్లాస్టిక్ పైపులో నీళ్లు నింపి ఒక కొస తను పట్టుకుంటాడు. రెండో కొస కొడుకు చేతికిస్తాడు. ఆదివారం కాబట్టి బడి లేదు, ఒక కూలి మనిషి ఖర్చు తగ్గుతుంది. ఇటు నీళ్లు ఏ ఎత్తులో నిలిస్తే అటూ అదే ఎత్తులో నిలుస్తాయి. నేల ఎగుడుదిగుడుగా ఉన్నా, మధ్యలో గోడ అడ్డమొచ్చినా, పైపు ఎన్ని మెలికలు తిరిగినా మట్టం తప్పదు. పైపులో గాలి బుడగ చేరితే మాత్రం తప్పుతుంది. ఆ బుడగను ఎలా వదలగొట్టాలో పన్నెండేళ్ల ఆ పిల్లవాడికి తెలుసు.

మర్నాడు అదే పిల్లవాడు జిల్లా పరిషత్ హైస్కూల్లో బల్ల మీద కూర్చుని లంబకోణ త్రిభుజం, కర్ణం మీది వర్గం అంటూ సూత్రం వల్లె వేస్తుంటాడు. నిన్న నాన్న దారంతో చేసిన పనీ, ఇవాళ బోర్డు మీద మాస్టారు రాసిన మాటా ఒకటేనని అతనికి ఎవరూ చెప్పరు. ద్రవాల మట్టం గురించి పరీక్షలో రెండు మార్కుల ప్రశ్న వస్తే తప్పు రాసి వస్తాడు. ఇంటికొచ్చి ‘నాకు లెక్కలు రావు నాన్నా’ అంటాడు. నాన్న నమ్ముతాడు. మన సమాజం ఇంజినీర్లను పోగొట్టుకునేది ఎక్కడ అని ఎవరైనా అడిగితే, ఈ ఆదివారానికీ సోమవారానికీ మధ్యనే అని చెప్పాలి.

ఏటా సెప్టెంబరు 15న ఇంజినీర్ల దినోత్సవం. మోక్షగుండం విశ్వేశ్వరయ్య విగ్రహాలకు దండలు పడతాయి. ఇంజినీరింగ్ కాలేజీల సెమినార్ హాళ్లలో ఉపన్యాసాలుంటాయి. ఉండాల్సిందే. ఆ మహానుభావుడి జీవితంలో మొదటి పాతికేళ్లు ఎలా గడిచాయన్నది కూడా ఆ ఒక్క రోజైనా పిల్లలకు చెబితే బాగుంటుంది. ఆ కుటుంబం తెలుగు కుటుంబం. పూర్వీకులది ప్రకాశం ప్రాంతంలోని మోక్షగుండం. ఆయన పుట్టింది ఇప్పటి కర్ణాటకలో చిక్కబళ్లాపుర దగ్గరి ముద్దెనహళ్లిలో. చిన్నతనంలోనే తండ్రి పోయారు. బెంగళూరులో మేనమామ అండ దొరికింది. సెంట్రల్ కాలేజీలో చదువుతూ పూట గడవడానికి ఇంకొకరి ఇంట్లో పిల్లలకు ట్యూషన్ చెప్పారు. 1881లో బీఏ అయింది. ఇంజినీరింగ్ చదవాలంటే పుణె వెళ్లాలి, చేతిలో డబ్బు లేదు. మైసూరు ప్రభుత్వం ఇచ్చిన స్కాలర్‌షిప్పే ఆయన్ను పుణె సైన్సు కాలేజీకి చేర్చింది.  ఆ ఉపకార వేతనం కాగితం మీద సంతకం పడకపోతే ఏమయ్యేదో మాత్రం హైదరాబాద్ నగరం ఒకసారి ఆలోచించుకోవాలి.

ఎందుకంటే 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగింది. వేలమంది కొట్టుకుపోయారు. అఫ్జల్‌గంజ్ ఆస్పత్రి ఆవరణలో చింతచెట్టు ఎక్కి సుమారు నూటయాభై మంది ప్రాణాలు దక్కించుకున్నారు. ఆ చెట్టు ఉస్మానియా ఆస్పత్రిలో ఈ కాలం దాకా నిలిచింది. ఆ ప్రళయం తర్వాత నిజాం ప్రభుత్వం విశ్వేశ్వరయ్యను పిలిపించింది. ఆయన నగరంలో గోడలు కట్టడంతో సరిపెట్టలేదు. నది నగరంలోకి రాకముందే, ఎగువనే నీటిని ఆపే జలాశయాలు కట్టమన్నారు. 1920లో మూసీ మీద ఉస్మాన్‌సాగర్ (గండిపేట చెరువు), 1927లో ఈసీ మీద హిమాయత్‌సాగర్ అలా వచ్చాయి. వరద ఆపడానికి కట్టినవి తరాల తరబడి నగరం దాహం తీర్చాయి. ‘గండిపేట నీళ్లు తాగినవాడు’ అన్న మాట హైదరాబాదీల నోట ఇప్పటికీ వింటాం. ట్యూషన్ చెప్పుకుని చదివిన ఒక కుర్రవాడు పెద్దవాడై గీసిన గీతల ఫలితం అది.

కృష్ణా జిల్లా కంకిపాడులో 1902 జూలై 15న పుట్టిన కానూరి లక్ష్మణరావు కథ ఇంకా దగ్గరిది. తొమ్మిదేళ్ల వయసులో తండ్రి పోయారు. బడిలో ఆడుకుంటుండగా దెబ్బ తగిలి ఒక కంటి చూపు పోయింది. తండ్రి లేడు, కన్ను ఒక్కటే. ఆ రోజుల్లో అలాంటి పిల్లవాడిని ఇంజినీరింగ్‌కు పంపుదామని ఎంతమందికి తోస్తుంది? ఇప్పుడు మాత్రం ఎంతమందికి తోస్తుంది? ఆయన మద్రాసులో గిండీ ఇంజినీరింగ్ కాలేజీ దాకా వెళ్లారు. మద్రాసు విశ్వవిద్యాలయంలో ఇంజినీరింగ్ మాస్టర్స్ పట్టా మొట్టమొదట అందుకున్నది ఆయనే. 1939లో బర్మింగ్‌హామ్‌లో పీహెచ్‌డీ. తర్వాత దేశానికి నీటిపారుదల, విద్యుత్ శాఖ మంత్రి. ఇవాళ పులిచింతల ప్రాజెక్టుకు ఆయన పేరే ఉంది.

కె.ఎల్.రావు పేరు చెప్పగానే నాగార్జునసాగర్ గుర్తొస్తుంది. 1955 డిసెంబరు 10న శంకుస్థాపన జరిగింది, 1967లో కాలువలకు నీళ్లు వదిలారు. ఆ డ్యామ్‌ను కాంక్రీటుతో పోయకుండా ప్రధానంగా రాతితో కట్టారు. ప్రపంచంలోనే పెద్ద రాతి ఆనకట్టల్లో ఒకటిగా నిలిచింది. సిమెంటు కరువు, యంత్రాలు కొనడానికి విదేశీ మారకం కరువు ఉన్న రోజులవి. రాయి మాత్రం పక్కనే ఉంది, పని చేసే చేతులు వేలల్లో ఉన్నాయి. ఆ ఎంపికలో నాకు కనిపించేది మన దేశపు లోటుపాట్లు ఇంట్లో అనుభవించి పెరిగిన మనిషి బుర్ర. ఉన్నదాంతో గట్టెక్కడం ఎలాగో తెలిసిన ఇంజినీరుకు కొరత కూడా ఒక కొలతే. లెక్కలో దాన్నీ వేసుకుంటాడు. పేదరికం గొప్పదని అనడం నా ఉద్దేశం కాదు. అది ఎవరికీ వద్దు. దాన్ని చూసినవాళ్లు డ్రాయింగ్ బల్ల ముందు కూర్చున్నప్పుడు ఆ చూపు దేశానికి పనికొస్తుందన్నదే నా మాట. ఇంజినీరింగ్ వల్ల ఆ పిల్లల బతుకు బాగుపడుతుందని అందరం చెబుతాం. ఆ పిల్లలు రాకపోతే ఇంజినీరింగ్‌కు ఏం నష్టమో చెప్పేవాళ్లు తక్కువ.

ఇంకొకరి గురించి చెప్పాలి. అయ్యలసోమయాజుల లలిత. మద్రాసులో తెలుగు కుటుంబం. పదిహేనేళ్లకు పెళ్లి, పద్దెనిమిదేళ్లకు వైధవ్యం, ఒళ్లో నాలుగు నెలల పాప. 1937 ప్రాంతపు సమాజంలో ఆ మూడు మాటలతో ఒక ఆడపిల్ల జీవితం ముగిసినట్టే లెక్క. ఆమె 1940లో గిండీలో ఎలక్ట్రికల్ ఇంజినీరింగ్‌లో చేరారు. దేశంలో తొలి మహిళా ఇంజినీర్లలో ఒకరయ్యారు. భాక్రా నంగల్ ప్రాజెక్టు విద్యుత్ పరికరాల పనిలో ఆమె చెయ్యి ఉంది. ఇదంతా ఎలా సాధ్యమైంది? ఆమె తెలివి, పట్టుదల సరే. ఆమె తండ్రి పప్పు సుబ్బారావు అదే కాలేజీలో ఎలక్ట్రికల్ ప్రొఫెసరు. ఆడపిల్లలు లేని ఆ కాలేజీలో కూతురిని చేర్చుకోమని ఆయన వెళ్లి అడిగారు. ఎవరిని అడగాలో, ఏ గది తలుపు తట్టాలో ఆయనకు తెలుసు.

నేను ఆగి చూసేది అక్కడే. విశ్వేశ్వరయ్యకు మేనమామ, స్కాలర్‌షిప్పు. లలితకు తండ్రి. దారి తెలిసినవాళ్లు ఒక్కరున్నా చాలు, మిగతా దూరం ఆ బిడ్డ నడుస్తుంది. పైపు రెండో కొస పట్టుకున్న మన పిల్లవాడికి ఇంట్లో తెలివికి లోటు లేదు, కష్టపడే గుణానికి లోటు లేదు. దారి తెలిసిన మనిషి లేడు. ఆ ఇంటి చుట్టుపక్కల నాలుగు వీధుల్లో కూడా లేడు.

డబ్బు మాటేమిటని అడుగుతారు. డబ్బు పెద్ద అడ్డమే. దాన్ని కొంతవరకైనా తొలగించిన చరిత్ర మనకుంది, అది గుర్తు పెట్టుకోదగ్గ చరిత్ర. ఉస్మానియా ఇంజినీరింగ్ కాలేజీ 1929లో, వరంగల్ రీజినల్ కాలేజీ 1959లో వచ్చాయి. కాకినాడ, అనంతపురం, హైదరాబాద్ కాలేజీలను కలిపి 1972లో జేఎన్‌టీయూ ఏర్పడింది. అప్పటికీ ఊరికొకరు ఇంజినీరు అయితే గొప్ప. 2008 ప్రాంతంలో ఉమ్మడి రాష్ట్రంలో ఫీజు రీయింబర్స్‌మెంట్ వచ్చాక గేటు నిజంగా తెరుచుకుంది. రిక్షా తొక్కేవారి పిల్లలు, బీడీలు చుట్టేవారి పిల్లలు, కౌలు రైతుల పిల్లలు బీటెక్ తరగతి గదుల్లో కూర్చున్నారు. 2008లోనే బాసర, నూజివీడు, ఇడుపులపాయల్లో ట్రిపుల్ ఐటీలు మొదలయ్యాయి. పదో తరగతి మార్కులతోనే సీటు, ఆరేళ్లు అక్కడే చదువు, అక్కడే భోజనం. ఇంటర్‌లో లక్షలు పోసి కోచింగ్ కొనుక్కోలేని పల్లెటూరి పిల్లకు అది ఎంత పెద్ద సంగతో నగరంలో ఉన్నవాళ్లకు అర్థం కావడం కష్టం. ఐఐటీల్లో కూడా ఎస్సీ, ఎస్టీ, దివ్యాంగ విద్యార్థులకు ట్యూషన్ ఫీజు లేదు. మిగతావారిలో కుటుంబ ఆదాయం ఏడాదికి లక్షలోపు ఉంటే ఫీజు పూర్తి మాఫీ, ఐదు లక్షల లోపు ఉంటే మూడింట రెండొంతులు మాఫీ. ఈ సంగతి తెలియక ‘ఐఐటీ మనకెక్కడ’ అని దరఖాస్తే చేయని ఇళ్లు ఎన్నో.

గేటు తెరిచాం గానీ గేటు దాకా తీసుకెళ్లే మనిషిని పెట్టలేదు. ఇంజినీరింగ్ ప్రవేశాల కౌన్సెలింగ్ రోజుల్లో ఏదైనా మండల కేంద్రంలోని నెట్ సెంటర్‌కు వెళ్లండి. చెమటలు పట్టిన చొక్కాతో ఒక తండ్రి, చేతిలో ప్లాస్టిక్ కవరు. అందులో ర్యాంకు కార్డు, పదో తరగతి మెమో, ఆరు నుంచి ఇంటర్ దాకా స్టడీ సర్టిఫికెట్లు, టీసీ, కులం, ఆదాయం. మీసేవ చుట్టూ, ఎమ్మార్వో ఆఫీసు చుట్టూ తిరిగి కూడబెట్టిన కాగితాలు. పక్కన కూతురు. వెబ్ ఆప్షన్లు, అంటే కావాల్సిన కాలేజీల జాబితా, పెట్టాలి. నెట్ సెంటర్ కుర్రాడు ‘ఏం పెట్టమంటావమ్మా’ అంటాడు. ఆ అమ్మాయి తండ్రి వైపు చూస్తుంది. తండ్రి ఆ కుర్రాడి వైపే చూస్తాడు. ‘నీ ర్యాంకుకు పెద్ద కాలేజీలు రావులే, దగ్గర్లోవి పైన పెడదాం’ అని అతనే పెట్టేస్తాడు. పది నిమిషాల్లో నాలుగేళ్ల చదువు, ఆ తర్వాతి నలభై ఏళ్లు ఖాయమైపోతాయి.

అక్కడ జరిగిన తప్పేమిటో చెప్పనివ్వండి, ఎందుకంటే ఇది ఎవరికైనా పనికొచ్చే మాట. సీట్లు కేటాయించే కంప్యూటర్ మీ జాబితాను పైనుంచి కిందికి చదువుతుంది. మీ ర్యాంకుకు దొరికే మొదటి సీటు తగలగానే అక్కడ ఆగుతుంది. పైన పెద్ద కాలేజీలు రాసినందువల్ల కిందివి పోవు. కాబట్టి ఏది వస్తుందో ఊహించి రాయకూడదు. ఏది కావాలో ఆ వరసలోనే రాయాలి. దగ్గర కాలేజీ పైన పెడితే అదే వస్తుంది, మంచిది వచ్చే ర్యాంకున్నా సరే. అక్కాచెల్లెళ్లలో ఒకరు బీటెక్ చేసిన ఇంట్లో ఈ తప్పు జరగదు. మొదటిసారి చదువుతున్న ఇంట్లో ఏటా జరుగుతుంది.

సీటు వచ్చాక మొదటి సెమిస్టర్ ఉంటుంది. పల్లెటూరి నుంచి తెలుగు మీడియంలో చదివొచ్చిన పిల్లలు ఎక్కువగా తడబడేది అక్కడే. బలం, నిరోధం, వేగం అని పదేళ్లు చదివిన మాటలన్నీ ఒక్కసారిగా పేర్లు మార్చుకుంటాయి. తెలిసిన మనిషి ముసుగేసుకుని ఎదురొచ్చినట్టుంటుంది. లెక్చరర్ అడిగిన ప్రశ్నకు జవాబు మనసులో తెలుగులో తయారవుతుంది, ఇంగ్లిషులోకి మారేలోపు పక్క బెంచీ చెప్పేస్తుంది. పదిసార్లు అలా అయ్యాక చెయ్యెత్తడం మానేస్తారు. మ్యాథ్స్ ఒకటి పోతుంది, డ్రాయింగ్ పోతుంది, బ్యాక్‌లాగ్‌లు పేరుకుంటాయి. ఇంటికి ఫోన్ చేసినప్పుడు ‘బాగానే చదువుతున్నా’ అని చెబుతారు. ఆ అబద్ధం చెప్పాల్సి రావడమే ఆ వయసులో పెద్ద భారం.

ఒక సంగతి మనం మర్చిపోయాం. ఉస్మానియా విశ్వవిద్యాలయంలో 1948 దాకా ఇంజినీరింగ్, వైద్యం కూడా ఉర్దూలోనే చెప్పారు. పుస్తకాలు అనువదించడానికి ప్రత్యేక విభాగమే ఉండేది. భారతీయ భాషలో యంత్రశాస్త్రం చెప్పడం ఈ నేల మీద ఒకసారి జరిగిన పనే. ఇప్పుడు నాలుగేళ్లూ తెలుగులో చదివించమని నేను అనను. ఉద్యోగాల దారి ఇంగ్లిషుతో ముడిపడి ఉంది, ఆ దారి ఈ పిల్లలకే అందరికన్నా అవసరం. మొదటి ఏడాది మాత్రం, వంతెన దాటించినట్టు, ప్రతి ముఖ్యమైన భావాన్ని ఒకసారి తెలుగులో విప్పి చెప్పి ఆ తర్వాత ఇంగ్లిషు పేరు పెట్టే లెక్చరర్లు కావాలి. అలా చెప్పేవారు ఉన్నారు. వాళ్లను పాతికేళ్ల తర్వాత కూడా శిష్యులు వెతుక్కుంటూ వచ్చి నమస్కారం పెడతారు.

ఇంజినీరింగ్ డ్రాయింగ్ సంగతే చూడండి. ఒక వస్తువును పైనుంచి చూస్తే ప్లాన్, ఎదురుగా చూస్తే ఎలివేషన్. మినీ డ్రాఫ్టర్ పట్టుకుని షీటు మీద ఆ రెంటినీ కలిపి గీయడం నగరం పిల్లలకు తలనొప్పి. ముగ్గు పోసిన స్థలం మీద ‘ఇక్కడ వంటిల్లు, ఇక్కడ గుమ్మం’ అంటూ తిరిగిన మేస్త్రీ కొడుకు అప్పటికే ప్లాన్‌లో నడిచినవాడు. గోడలు లేవకముందే ఇల్లు చూసినవాడు. ‘నువ్వు మీ నాన్నతో పనికి వెళ్లావా?’ అని ఆ తరగతిలో ఎవరైనా ఒక్కసారి అడిగితే చాలు, వెనక బెంచీ నుంచి లేచి ముందుకొస్తాడు.

ప్రభుత్వాలకు చెప్పాల్సింది ఒక్కటే ఉంది. ఫీజు రీయింబర్స్‌మెంట్ బకాయిలు సంవత్సరాల తరబడి పేరుకుపోతే భారం మోసేది పిల్లలే. కాలేజీ యాజమాన్యాలు సర్టిఫికెట్లు ఆపుతాయి. ఉద్యోగంలో చేరే తేదీ దగ్గర పడుతుంది, ఒరిజినల్స్ లేవు. తండ్రి వడ్డీకి అప్పు తెచ్చి కట్టి విడిపించుకుంటాడు. ఉచితమని నమ్మి చేరిన చదువుకు చివర్లో అప్పు. ఏ పార్టీ అధికారంలో ఉన్నా ఈ పథకం పేరు మారొచ్చు, డబ్బు వచ్చే తేదీ మారకూడదు. సెమిస్టర్‌కు సెమిస్టర్ లెక్క తేల్చాలి.

బీటెక్ ఒక్కటే దారి అనుకోవడం కూడా పొరపాటు. పదో తరగతి అయ్యాక పాలిసెట్ రాసి పాలిటెక్నిక్‌లో మూడేళ్ల డిప్లొమా చేయొచ్చు. ఆ తర్వాత ఈసెట్ రాస్తే నేరుగా బీటెక్ రెండో ఏడాదిలో చేరొచ్చు. ఇంటర్ కోచింగ్ ఖర్చు లేదు. ప్రభుత్వ పాలిటెక్నిక్‌లలో ఫీజు చాలా తక్కువ. పద్దెనిమిదేళ్లకే చేతిలో పని ఉంటుంది. ప్రభుత్వ శాఖల్లో అసిస్టెంట్ ఇంజినీరు ఉద్యోగానికి డిప్లొమా చాలు. పూట గడవని ఇంట్లో ‘ఆరేళ్లు చదివిస్తాం’ అని చెప్పడం కష్టం, ‘మూడేళ్లు చదివిద్దాం, తర్వాత చూద్దాం’ అని చెప్పడం సులువు. వర్క్‌షాపులో ఆకురాయి పట్టి, లేత్ మీద ఇనుము చెక్కి, ఆ తర్వాత బీటెక్‌కు వచ్చిన పిల్లల చేతుల్లో ఒక ధైర్యం ఉంటుంది. అది మిగతావారికి అంత తొందరగా రాదు. ఇంత మంచి దారి గురించి హైస్కూళ్లలో ఎందుకంత తక్కువ చెబుతామో నాకు అర్థం కాదు.

ఈ దారులేవీ దొరకనివాళ్లూ ఉన్నారు. యాదాద్రి జిల్లా ఆలేరు మండలం శారాజీపేటలో చింతకింది మల్లేశం ఆరో తరగతితో బడి మానేశారు. నేత కుటుంబం. పట్టుచీర నేయాలంటే ముందు ఆసు పోయాలి. అర్ధచంద్రాకారంలో దిగ్గొట్టిన మేకుల చుట్టూ దారాన్ని చేత్తో అటూ ఇటూ తిప్పుతూ పోవాలి. ఒక్క చీరకు తొమ్మిది వేలసార్లు చెయ్యి ఆడాలి. నాలుగైదు గంటల పని. రోజుకు రెండు చీరలకు ఆసు పోస్తే పద్దెనిమిది వేలసార్లు. తల్లి లక్ష్మి భుజం నొప్పితో పని చేయలేకపోవడం మల్లేశం చూశారు. ఆ చేతి కదలికను యంత్రానికి నేర్పాలనుకున్నారు. 1992లో మొదలుపెడితే 1999లో పూర్తయింది. చివరి చిక్కు ఒకటి విడిపోక పని ఆగిపోయి, హైదరాబాద్‌లో కూలికి వెళ్లినప్పుడు బాలానగర్‌లో ఒక యంత్రం కదిలే తీరు చూసి ఆ ముడి విప్పుకున్నారు. గంటన్నరలో ఆసు పోసే యంత్రానికి తల్లి పేరే పెట్టారు. 2017లో పద్మశ్రీ వచ్చింది.

ఈ కథ విన్నవాళ్లు ‘చూశారా, చదువు లేకపోయినా ఎంత సాధించాడో’ అంటారు. నాకు ఆ ఏడేళ్లు కళ్ల ముందు కదులుతాయి. యంత్రాల కదలికల గురించి పాఠం చెప్పే మాస్టారు ఒకరు, ఒక చిన్న వర్క్‌షాపు అందుబాటులో ఉంటే ఆ ఏడేళ్లలో ఎన్ని మిగిలేవి? ఊళ్లో ఇంకెందరు తల్లుల భుజాలు దక్కేవి? ఆ బాధను అంత దగ్గరగా చూసి, దాన్ని తీర్చాలనుకుని, చేతకాదని మధ్యలో వదిలేసిన కొడుకులు ఎందరు? వాళ్ల పేర్లు మనకు తెలిసే అవకాశం లేదు.

సమస్య దగ్గర పెరిగినవాడికి ప్రశ్న ముందే తెలుసు. మెట్ట పొలం రైతు బిడ్డకు ఓల్టేజి తగ్గితే మోటారు కాలుతుందని తెలుసు. ఎందుకు కాలుతుందో ఎలక్ట్రికల్ తరగతి చెబుతుంది. నీళ్లు ఎత్తే బరువు మారదు, ఓల్టేజి పడిపోతే మోటారు ఎక్కువ కరెంటు లాగుతుంది, కరెంటు పెరిగిన కొద్దీ తీగ వేడెక్కి పైనున్న వార్నిష్ పూత మాడి చుట్లు ఒకదానికొకటి తగులుకుంటాయి. రీవైండింగ్ షాపులో కూర్చుని నల్లబడిన రాగితీగ వాసన పీల్చిన పిల్ల ఈ పాఠాన్ని జన్మలో మర్చిపోదు. ఆ పిల్ల విద్యుత్ పంపిణీ సంస్థలో ఇంజినీరయితే లైను చివరనున్న ఊరి గురించి ఆలోచిస్తుంది.

అందుకే సీట్లన్నీ కంప్యూటర్ సైన్స్ వైపే పరుగెత్తుతుంటే బాధగా ఉంటుంది. ఆ చదువు వద్దనను. తొంభైల చివర్లో మొదలైన ఆ అల మీద వేల తెలుగు కుటుంబాలు ఒడ్డెక్కాయి. అమెరికా దాకా వెళ్లిన పిల్లలు పంపిన డబ్బుతో ఊళ్లలో పెంకుటిళ్లు డాబాలయ్యాయి. కానీ మురుగు కాలువలు, తాగునీటి పైపులు, కరెంటు లైన్లు, చెరువు తూములు, ధాన్యం ఆరబెట్టే యంత్రాలు చూసేది ఎవరు? రక్షణ పరికరాలు లేకుండా మ్యాన్‌హోల్‌లోకి మనిషిని దించడాన్ని 2013 చట్టం నిషేధించింది. ఆ తర్వాత కూడా మనుషులు దిగారు, ఊపిరాడక పోయారు. ఇరుకు సందుల్లోకి పెద్ద యంత్రం వెళ్లదన్నది కారణాల్లో ఒకటి. 2017లో హైదరాబాద్ జలమండలి సందుల్లో దూరే చిన్న జెట్టింగ్ యంత్రాలు తెప్పించింది. కేరళలో ఇంజినీరింగ్ చదివిన కుర్రవాళ్లు మ్యాన్‌హోల్‌లో దిగే రోబోనే చేశారు. ఈ పనులు ఎప్పుడో జరగాల్సినవి. తండ్రి నడుముకు తాడు కట్టుకుని దిగడం చూసిన బిడ్డ ముప్పై ఏళ్ల కింద మెకానికల్ ఇంజినీరై ఉంటే ఇంత ఆలస్యం అయ్యేది కాదని నా నమ్మకం.

ఆడపిల్లల గురించి వేరే మాట అవసరం. ఇంట్లో ఒక్కరిని చదివించే స్తోమతే ఉంటే ఎవరిని చదివిస్తారో అందరికీ తెలుసు. దూరపు కాలేజీ అంటే భయం, హాస్టల్ అంటే భయం. ‘సివిల్ తీసుకుని ఎండలో సైట్ల చుట్టూ తిరుగుతావా’ అంటారు. ఆ ఎండలోనే సిమెంటు తట్ట మోసే ఆడకూలీల గురించి అలా ఎవరూ అడగరు. మోయడానికి పనికొచ్చిన ఎండ కొలవడానికి పనికిరాదా? టెక్నికల్ కోర్సుల్లో చేరి ఎంపికైన ఆడపిల్లలకు ఏఐసీటీఈ ప్రగతి స్కాలర్‌షిప్ కింద ఏడాదికి 50,000 రూపాయలు ఇస్తుంది. కుటుంబ ఆదాయం ఎనిమిది లక్షలలోపు ఉండాలి. మీ ఇంట్లో, మీ వీధిలో ఇంటర్ పూర్తి చేసిన అమ్మాయి ఉంటే ఈ ఒక్క ముక్క చెప్పండి.

ఇక పిల్లలూ, మీతో రెండు మాటలు. ర్యాంకు రాకపోతే అంతా అయిపోయిందని ఎవరైనా అంటే నమ్మకండి. పరీక్ష మీ తెలివిలో ఒక పక్కను ఒక ఉదయం పూట కొలుస్తుంది, అంతే. కె.ఎల్.రావు ఒక కంటితో చదివారు, మల్లేశం ఏడేళ్లు తడబడ్డారు. ఆరు నెలలు వెనకబడితే సిగ్గుపడాల్సిన పని లేదు. అర్థం కానప్పుడు అడగండి. ఒకరు విసుక్కుంటే ఇంకొకరిని అడగండి. నాన్న చేసే పని గురించి చెప్పుకోవడానికి వెనకాడకండి. మీ నాన్న గుండు వేలాడదీసి గోడ నిటారుగా ఉందో లేదో చూసేది భూమ్యాకర్షణతో. మీ అమ్మ ఇస్త్రీ పెట్టెలో బొగ్గులు సర్దేది గాలి ఎటు నుంచి ఆడాలో లెక్క వేసుకుని. మీరు ఇంట్లోనే చదువుకుంటూ పెరిగారు, కాలేజీలో దానికి పేర్లు నేర్చుకుంటారు.

ఇంజినీర్ల దినోత్సవం రోజు సన్మానాలు అందుకునే ఇంజినీర్లకు, ముఖ్యంగా మీ ఇంట్లో మొదట చదివింది మీరే అయితే, ఒక విన్నపం. మీ పాత హైస్కూలు ఎక్కడుందో మీకు తెలుసు. ఈ నెలలో ఒక శనివారం మధ్యాహ్నం వెళ్లండి. ఉపన్యాసం వద్దు. ఒక పాత మిక్సీ మోటారు, స్క్రూడ్రైవరు పట్టుకెళ్లి తొమ్మిదో తరగతి ముందు విప్పండి. ఎవరి నాన్న మేస్త్రీయో, ఎవరి నాన్న ఎలక్ట్రీషియనో అడగండి, వాళ్లనే దగ్గరికి పిలిచి ముందు వాళ్ల చేతికే ఇవ్వండి. ఒక్క బిడ్డ కళ్లు మెరిసినా ఆ బిడ్డ తల్లి ఫోన్ నంబరు రాసుకుని రండి. ఆ తర్వాత మీరు చేయాల్సింది పెద్దగా ఉండదు. ఆ బిడ్డ పదో తరగతికి వచ్చాక జనవరిలో పాలిసెట్, ట్రిపుల్ ఐటీ గురించి ఆ తల్లికి ఫోన్లో చెప్పండి. వేసవిలో ఆదాయ ధ్రువీకరణ పత్రం ముందే తీసుకోమనండి. ఇంకో మూడు, నాలుగేళ్లకు ఆ బిడ్డ వెబ్ ఆప్షన్లు పెట్టే రోజున, ఆ నెట్ సెంటర్‌లో, ఫోన్ స్పీకర్‌లోనైనా సరే, మీ గొంతు ఉండేలా చూసుకోండి.